ముప్పై శాతం వాన

కొండమీదిపల్లె విమాన శిక్షణాలయంలో వానను న్యాయంగా పంచాలని నిర్ణయించిన రోజున మద్దిలేటి మూడో వరుసలో కూర్చుని ఉన్నాడు. ఆ న్యాయం తన నెత్తి మీదనే పడబోతోందని అప్పటికి అతనికి తెలియదు.

అతనికి కావలసింది ఒక్కటే. విమానంలో ఒంటరిగా బయలుదేరి, రెండు ఊళ్ళ మీదుగా చుట్టి, మళ్ళీ ఇక్కడికే వచ్చి దిగడం. లైసెన్సుకు అదొక్కటే మిగిలింది. రాత పరీక్షలు ఎప్పుడో ప్యాసయ్యాడు. ఆ ఫలితాలు ఆ నెలాఖరు వరకే చెల్లుతాయి. ఈలోగా ఎగరకపోతే పుస్తకాలన్నీ మళ్ళీ మొదటి పేజీ నుంచి తెరవాలి. అతనికి మళ్ళీ పుట్టమంటే కూడా అంత భయం వేయదు.

విమానం నడపడం నేర్చుకునేవారికి వాతావరణం గురించి రోజూ రెండు కాగితాలు అందుతాయి. ఒకటి ఇప్పుడున్న ఆకాశాన్ని చెబుతుంది. రెండోది రాబోయే ఆకాశాన్ని చెబుతుంది. మన పాత తార్కికులైతే మొదటిది ప్రత్యక్షమనీ, రెండోది అనుమానం, అంటే ఊహించి తేల్చుకునేదనీ చెప్పి ఊరుకునేవారు. ఈ కాగితాలు అంత సులువుగా మాట్లాడవు. గాలి, మబ్బు, చూపు మేర అన్నీ అక్షరాలుగా, అంకెలుగా కుదించుకుపోయి బస్సు మెట్ల మీద జనంలా ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. వాటి మధ్య ఒక్కోసారి 'ప్రాబ్ థర్టీ' అని కనిపిస్తుంది. ఉరుములతో వాన పడే అవకాశం ముప్పై శాతం ఉందని దాని అర్థం. ఆ అర్థం విద్యార్థులకు తెలుసు, గురువులకు తెలుసు. దాన్ని అమలు చేయాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

అది తోచింది డైరెక్టర్ విశ్వంభరరావు గారికి. ఆయన అంతకుముందు చాలా ఏళ్ళు చౌక సరుకుల పంపిణీ చూసి, ఈమధ్యనే ఇక్కడికి బదిలీ మీద వచ్చారు. విమానాల గురించి తనకేమీ తెలియదన్న సంగతి ఆయన దాచుకోలేదు. దాన్ని నిష్పక్షపాతం అనేవారు.

ఆయన వచ్చేసరికి బల్ల మీద తనిఖీ వారి ప్రశ్న ఒకటి సిద్ధంగా ఉంది. గత నెల ఒకనాడు వాతావరణ సూచనలో ముప్పై శాతమని ఉండగా, కుండపోతగా వాన కురిసి, శిక్షణాలయం మొత్తం నేల మీదే ఉండిపోయింది. దాని మీద వారు ఇలా అడిగారు: "ముప్పై శాతము వర్షము మాత్రమే సూచింపబడి ఉండగా నూరు శాతము విద్యార్థులు దానిని అనుభవించుటకు కారణమేమి? అదనపు డెబ్బై శాతము వర్షమును ఎవరి అనుమతితో వినియోగించిరి?"

ఇంకొకరైతే ఈ ప్రశ్న చూసి నవ్వేవారు. విశ్వంభరరావు గారు సిగ్గుపడ్డారు. ఆ సిగ్గులోంచి ఆ సమావేశం పుట్టింది.

"మిత్రులారా," అన్నారాయన, "ఇంతకాలంగా ఇక్కడ వర్షం విచక్షణారహితంగా కురుస్తోంది. అర్హులకూ అనర్హులకూ ఒకేలా పడుతోంది. ఇకపై సూచనలో ముప్పై శాతం అని వస్తే, పదిమంది విద్యార్థుల్లో ముగ్గురికి వర్షం వర్తింపజేస్తాం. మిగతా ఏడుగురికి నిర్మలాకాశం. ఉద్యోగులకూ ఇదే దామాషా."

ముఖ్య శిక్షకుడు కెప్టెన్ దావీదు లేచాడు. తల నెరిసిన మనిషి. "సార్, ముప్పై శాతం అంటే అట్ల కాదు. ఇట్లాంటి ఆకాశం పదిసార్లు వస్తే మూడుసార్లు వాన పడొచ్చు, ఏడుసార్లు పడకపోవచ్చు. అంతేగానీ ముగ్గురి మింద పడి ఏడుగురిని ఇడిసిపెడతాదని కాదు."

"ఈరోజు ఆకాశం పదిసార్లు వస్తుందా?"

"రాదు సార్. ఒక్కసారే."

"ఒక్కసారి వచ్చినదాన్ని మూడుసార్లు ఇచ్చి ఏడుసార్లు ఎగ్గొట్టడం ఎలా సాధ్యమండీ? మనుషులకైతే పంచవచ్చు. అసలు శాతమనేది పుట్టిందే పంపిణీ కోసం." ఆయన గొంతు మెత్తబడింది. "మీరు ఆకాశం వైపు నుంచి ఆలోచిస్తున్నారు కెప్టెన్ గారూ. నేను లబ్ధిదారుడి వైపు నుంచి ఆలోచిస్తున్నాను."

కెప్టెన్ కూర్చున్నాడు. ఎదురుగాలికి విమానం ఎలా తిప్పాలో ఆయనకు తెలుసు. ఈ గాలికి దిక్కు లేదు.

చీట్లు తీశారు. మద్దిలేటి చీటీ మీద 'వర్షము' అని వచ్చింది.

మర్నాడు సూచనలో ముప్పై శాతం ఉంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఏడుగురు వంతులవారీగా విమానాలెక్కి పోయారు. మద్దిలేటి, ఇంకో ఇద్దరు లబ్ధిదారులు, రెయిన్‌కోట్లు తొడుక్కుని ఎండలో బెంచీ మీద కూర్చున్నారు. కోటు లోపల వాళ్ళు నిజంగానే తడిశారు. అయితే అది చెమట అనీ, నిబంధనల ప్రకారం చెల్లదనీ కార్యాలయం తేల్చింది. అందుకని తోటమాలి వచ్చి మొక్కలకు పట్టే గొట్టంతో ఒక్కొక్కరి మీదా కాసిని నీళ్ళు చల్లి వెళ్ళాడు. కాగితం మీద తడిసి ఒంటి మీద పొడిగా ఉండటం అవినీతి కిందికి వస్తుందని విశ్వంభరరావు గారి అభిప్రాయం. అభిప్రాయంలో తప్పు పట్టడానికి లేదు. అదే ఆయన ప్రత్యేకత. ఆయన మెట్లన్నీ గట్టివే, ఇల్లే లేదు.

వాతావరణ గది నుంచి జైబున్నీసా కిటికీ తెరిచి చూసింది. ఇప్పుడున్న ఆకాశాన్ని గంటగంటకూ చూసి రాయడం ఆమె ఉద్యోగం.

"ఏం అబ్బీ, ఎట్లుంది వాన?"

"బాగుందిలే అక్కా. నువ్వేమని రాస్తాండావు?"

"ఆకాశం నిర్మలం అని రాసినా. సార్ ఒప్పుకోల్యా. ఎవురికి నిర్మలం అని అడిగినాడు. మనిషికొక నివేదిక రాయాల్నంట ఇంక." ఆమె చేతిలోని కాగితం చదివింది. "నీకు ఉరుములు, వాన, చూపు మేర ఎనిమిది వందల మీటర్లు. వడగండ్లు గూడా రాద్దామనుకున్యా, పాపం అని ఇడిసినా."

చూపు మేర తగ్గడంతో కొత్త చిక్కు వచ్చింది. ఎనిమిది వందల మీటర్లకు మించి కనిపించనివాణ్ణి ఒంటరిగా తిరగనివ్వడం భద్రతకు విరుద్ధం. మధ్యాహ్నం భోజనానికి అతని చేయి పట్టుకు నడిపించే పని నిర్మలాకాశం కలిగిన ప్రణతికి అప్పగించారు. ఆమెది గోదావరి జిల్లా. నవ్వు ఆపుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

"నెమ్మదిగా రండి బాబుగారూ, ముందు గట్టుంది."

"కనబడతాండాది లే."

"గట్టు కనపడొచ్చండి. క్యాంటీన్ కూడా చూసుకోవచ్చు, దగ్గరేగా. అదిగో ఆ హాస్టల్ మేడ వైపు మాత్రం చూడకండి. అది మీ మేర దాటిపోయింది. చూశారంటే నా మీదకొస్తది."

మద్దిలేటి తల వంచుకుని నడిచాడు. ఎదురుగా ఉన్నదాన్ని చూడకుండా ఉండటం చూడటం కంటే కష్టమని అతనికి ఆ రోజు తెలిసింది. కళ్ళు మూసుకుంటే సరిపోదు. హాస్టల్ అక్కడ లేదని నమ్మాలి. క్యాంటీన్ దగ్గరికి వచ్చేసరికి అతనికి కాస్త అలవాటైంది కూడా. అది గమనించి ఉలిక్కిపడ్డాడు.

వారం తిరగకుండానే వాన ఒక సదుపాయంగా స్థిరపడింది. నిద్ర ఇష్టమైనవాళ్ళు వాన కోసం పైరవీలు మొదలుపెట్టారు. ఒకడు తన నిర్మలాకాశాన్ని రెండు పెసరట్లకు మార్చుకుని దొరికిపోయాడు. వర్షం నల్లబజారుకు తరలిపోతోందని ఉత్తర్వు వెలువడింది: "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తమకు కేటాయించిన వాతావరణమును ఇతరులకు బదలాయించుట, దాచిపెట్టుట, కల్తీ చేయుట శిక్షార్హము. ఇకపై చీట్ల పద్ధతి రద్దు చేసి, వర్షానుభవము గలవారికే ప్రాధాన్యము ఇవ్వబడును."

వర్షానుభవం కలవాడు మద్దిలేటి. నిన్న తడిశాడు గనుక ఈరోజు తడిశాడు. ఈరోజు తడిశాడు గనుక రేపటికి అతని అర్హత ఇంకా పెరిగింది. పైన నీలంగా, తుడిచిన పలకలా ఆకాశం. ప్రణతి ఒంటరి ప్రయాణం ఒకటి ముగించి రెండోదానికి సిద్ధపడుతోంది. నెల కరిగిపోతోంది.

అతను డైరెక్టర్ గదికి వెళ్ళాడు.

"సార్, నా వాన తీసేయండి సార్. నెలాఖరు లోపల ఎగరకుంటే నా చదువంతా పోతాది."

విశ్వంభరరావు గారు అతనికి కుర్చీ చూపించారు. ఆయన దుర్మార్గుడు కాడు. అదే అసలు కష్టం. "బాబూ, నా సర్వీసులో ఎందరో నాకు కావాలని వచ్చారు. వద్దని వచ్చినవాడివి నువ్వే. త్యాగం గొప్పదే. కానీ లబ్ధిదారుని పేరు తొలగించాలంటే అతడు మరణించి ఉండాలి, లేదా ఊరు మారి ఉండాలి."

"నేను చావకుండా ఎట్లన్నా చూడండి సార్."

"చూస్తాను," అన్నారాయన నిజాయితీగా.

ఆయన మాట నిలబెట్టుకున్నారు. మద్దిలేటి హాస్టల్లో కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు మారినట్టు రాయించి, దాన్నే నివాసం మార్పుగా పరిగణించి, అతని పేరు మీది వానను రద్దు చేశారు. రద్దు నెల చివరి రోజు నుంచి అమలు.

ఆ రోజు తెల్లవారింది గానీ వెలుతురు రాలేదు.

పడమట కొండల మీద మబ్బు కమ్మరి ఇనుము సాగగొట్టే దాగలి దిమ్మెలా పైకి లేచి, నెత్తిన చదునుగా పరుచుకుని ఉంది. పుస్తకంలో ఆ బొమ్మ కింద ఎర్ర అక్షరాలతో 'దగ్గరికి పోరాదు' అని ఉంటుంది. సూచనలో యథాప్రకారం ముప్పై శాతమే ఉంది. తొమ్మిదయ్యేసరికి గాలి లేచింది. ఆ వెంటనే వాన నిలువునా, అడ్డంగా, ఒక్కోసారి కింది నుంచి పైకి కూడా కొట్టసాగింది.

మద్దిలేటికి నిర్మలాకాశం.

డైరెక్టర్ గారికీ ఆ రోజు నిర్మలాకాశమే. ఆయన గొడుగు లేకుండా, తొణక్కుండా, మైదానం మధ్యకు నడిచి వచ్చారు. కళ్ళద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నియమం తనకు వర్తించినప్పుడు తప్పుకునే మనిషి కాడు. ఆయన పక్కన జైబున్నీసా గొడుగు పట్టుకుని నిలబడింది. ఆమెకు వాన ఉంది.

"ఏం మద్దిలేటీ, చక్కటి పొద్దు! బయలుదేరు," అని ఆయన గట్టిగా తుమ్మారు.

"సార్, తడిసిపోతాండారు. ఈ గొడుగు కిందికన్నా రాండి," అంది జైబున్నీసా.

"వద్దమ్మా. అది నీ వాటా."

కెప్టెన్ దావీదు పరిగెత్తుకు వచ్చాడు. "సార్, నేను సంతకం పెట్టను. ఆ మబ్బులోకి పోతే రెక్కలు ఇరుగుతాయి. పిల్లోడు సచ్చిపోతాడు."

"సంతకం పెట్టకపోవడం మీ హక్కు. కానీ తనకు మంజూరైన నిర్మలాకాశాన్ని ఇతడు ఈరోజు వాడుకోకపోతే వదులుకున్నట్టే. వచ్చే నెల మళ్ళీ దరఖాస్తు చేసుకోవాలి."

వచ్చే నెలకు మద్దిలేటి పరీక్షా ఫలితాలు ఉండవు. ఎగిరితే తాను ఉండడు. అతను రెండింటి మధ్యా వానలో నిలబడ్డాడు. కెప్టెన్ అతని వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. మద్దిలేటి కళ్ళు విమానం మీదికి పోయాయి. తాళ్ళతో కట్టేసి ఉన్న ఆ చిన్న విమానం గాలికి వణుకుతోంది. ఇన్ని రోజులుగా ఎండలో రెయిన్‌కోటు తొడిగిన బుర్ర అతనిది. పంపిణీ భాష దానికి పట్టుబడింది.

"సార్, నాకు వాన లేదు. ఒప్పుకుంటా. మరి విమానానికి ఉందా, లేదా?"

విశ్వంభరరావు గారి చేయి కళ్ళద్దాలు తుడుస్తూ ఆగిపోయింది.

"అంటే?"

"విద్యార్థులకు పంచినారు. ఉద్యోగులకు పంచినారు. విమానాలకు ఎవురూ పంచల్యా. దానికి వాన ఉండి నాకు లేకుంటే, ఇద్దరం ఒక ఆకాశంలో ఎట్ల పోతాం సార్?"

విశ్వంభరరావు గారి ముఖంలో మొదట దిగ్భ్రమ, తరువాత ఒక రకమైన భక్తి కనిపించాయి. "ఇంత పెద్ద లోపం! ఇన్నాళ్ళూ విమానాలు కేటాయింపు లేకుండా తిరుగుతున్నాయా? అత్యవసర కమిటీ! వెంటనే!"

కమిటీ ఆయన గదిలో కూర్చుంది. ఉన్నవి మూడు విమానాలు. మూడింటిలో ముప్పై శాతం అంటే ఒక విమానంలో పదింట తొమ్మిది వంతులు. మిగిలిన పదో వంతుకు వాన ఉండరాదు. ఆ పదో వంతు ఏదన్నది ప్రశ్న. తోక అయితే బాగుంటుందని జైబున్నీసా అంది. తోకకు ప్రాధాన్యమిస్తే ముక్కు అన్యాయమైపోతుందని డైరెక్టర్ గారు వాదించారు.

కెప్టెన్ దావీదు ఆ ఉదయం దాకా ఈ పథకం గురించి ఒక్క మంచి మాట అనలేదు. ఇప్పుడు కిటికీ పక్క కుర్చీ చూసుకుని కూర్చుని, హఠాత్తుగా ఆసక్తి కనబరచాడు. "ట్యాంకులో పెట్రోలు ఉంది గద సార్. అది విమానంలో భాగమా, సరుకా?" ఆ మాట తేలడానికి చాలాసేపు పట్టింది. తేలగానే ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. మబ్బు ఇంకా ఉంది. "చక్రాలు నేలను తాకి ఉంటాయి. వాటిని భూమి లెక్కలో వేయాల్నా, ఆకాశం లెక్కలోనా?" మళ్ళీ బయటికి చూశాడు. తూర్పు వైపు ఉరుము దూరమవుతోంది. "రెక్కలు రెండు. కుడిదానికి ఇచ్చి ఎడమదానికి ఇయ్యకుంటే విమానం ఒరిగిపోదా సార్?"

"అద్భుతం కెప్టెన్ గారూ! మీలో ఇంత పరిపాలనాదృష్టి ఉందని అనుకోలేదు," అన్నారు డైరెక్టర్ గారు. తువ్వాలు కప్పుకుని ఉన్నా ఆయన పళ్ళు టకటకలాడుతున్నాయి.

భోజనాలు కూడా లోపలికే వచ్చాయి. మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి కిటికీ మీద ఎండ పడింది. కెప్టెన్ గ్లాసు కింద పెట్టాడు.

"నాకు ఇంక సందేహాల్లేవు సార్. మొదటి విమానానికి తోక మినహా వాన. మిగతా రెండూ నిర్మలం."

ఆయన మెట్లు దిగుతూనే సంతకం పెట్టి ఇచ్చాడు. "రెండో విమానం. పొద్దుగూకేలోపల దిగాల. పో రా, ఈ మనిషి ఇంకేమన్నా పంచేలోపల పో."

మద్దిలేటి ఎగిరాడు.

కడిగిన నేల మీద రోడ్లు తళతళలాడుతున్నాయి. చెరువులు ఆకాశాన్ని పట్టుకుని పడుకున్నాయి. ఒంటరిగా ఎగిరేవాడికి చూడటం తప్ప వేరే పని లేదు. చూసిందాన్ని ఎవరినీ అడిగి నమ్మనక్కరలేదు. రెండో ఊరు దాటాక, తిరుగు దారిలో, ఉత్తరపు కొండ పక్కన అతనికి ఒక దృశ్యం కనిపించింది. ఒంటరి మబ్బు ఒకటి, ముతక దుప్పటి లాంటి వానను కిందికి వేలాడదీసి నిలబడి ఉంది. దాని కింద కొన్ని పొలాలు తడుస్తున్నాయి. గట్టుకు ఇవతలి పొలాల్లో బంగారు ఎండ. ఒక గట్టు, అటు వాన, ఇటు ఎండ. ఎవరూ చీటీ తీయలేదు. ఎవరినీ అనుభవం అడగలేదు.

మద్దిలేటి ముందు నవ్వాడు. తరువాత అతనికి నవ్వు ఆగిపోయింది. దిగగానే దారిలో చూసిన వాతావరణం చెప్పాలి. అది చెప్పకపోతే ప్రయాణం లెక్కలోకి రాదు. ఇది చెబితే డైరెక్టర్ గారి చెవిన పడుతుంది. ఆకాశం స్వయంగా ఆయన పథకాన్ని అమలు చేస్తోందని ఆయన అనుకుంటారు. ఇక ఆయనను దేవుడు కూడా ఆపలేడు.

దూరంగా రన్‌వే కనిపించేసరికి అతను ఒక అబద్ధాన్ని తయారు చేసుకున్నాడు. 'దారంతా నిర్మలం.' చిన్నది, నున్ననిది, ఎవరికీ గుచ్చుకోదు.

ఇంకా చాలా పొద్దుండగానే దిగి ఇంజను ఆపేసరికి, పక్క విమానంలో ప్రణతి బెల్టు కట్టుకుంటోంది. అదే దారి. డైరెక్టర్ గారు, కెప్టెన్, జైబున్నీసా ఎదురు వచ్చారు.

"ఎలా ఉంది పైన?" అన్నారు డైరెక్టర్ గారు తుమ్ముతూ.

మద్దిలేటి ప్రణతి వైపు చూశాడు. మబ్బు గురించి అబద్ధమాడినవాడి వెనక ఇంకొకరు ఎగురుతారని కెప్టెన్ మొదటి పాఠంలోనే చెప్పి ఉన్నాడు.

"ఉత్తరపు కొండకాడ ఒక మబ్బు కురుస్తాండాది," అని ప్రణతికి వినబడేలా అరిచాడు. "కొండను కుడిపక్కకు ఇడిసిపెట్టి దూరంగా పో. దాని కిందికి మాత్రం పోవాకు."

ఆమె బొటనవేలు చూపించి తలుపు వేసుకుంది.

"ఒకే మబ్బా? దాని కింద అంతటా కురుస్తోందా?" అన్నారు డైరెక్టర్ గారు. ఆయన కళ్ళు వెలుగుతున్నాయి.

మద్దిలేటి నిట్టూర్చాడు. "లేదు సార్. కొందరి చేన్లలో పడతాండాది. పక్క చేన్లలో ఎండ."

విశ్వంభరరావు గారు మురిసిపోతూ కలం తీశారు. అతని ప్రయాణం చెల్లినట్టు అక్కడికక్కడే సంతకం పెట్టారు. పెట్టిన చేయి గాలిలోనే ఆగింది. నుదురు ముడిపడింది.

"అయితే ఆ రైతులు మన విద్యార్థులు కారే! మన పరిధిలోని వర్షాన్ని పేరు నమోదు కానివాళ్ళు వాడుకుంటున్నారన్నమాట."

"ఏం చేద్దామంటారు సార్? ఆపమందామా?" అన్నాడు కెప్టెన్.

"ఛ! అంత అమానుషమా? వాళ్ళను చేర్చుకుందాం."

తరువాతి వారం మద్దిలేటి లైసెన్సు కాగితాలు సంచిలో పెట్టుకుని ఊరికి బయలుదేరాడు. గేటు దగ్గర కొత్త విద్యార్థులు బారులు తీరి ఉన్నారు. భుజాల మీద తువ్వాళ్ళు, చేతుల్లో ఆధార్ కార్డులు, పట్టాదారు పుస్తకాలు. ఒక్కొక్కరినీ నిలబెట్టి కంటి పరీక్ష చేస్తున్నారు. లోపల కెప్టెన్ దావీదు నల్లబల్ల మీద 'ప్రాబ్ థర్టీ' అని రాసి, దాని ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు.

వరసలో చివరనున్న పెద్దాయన మద్దిలేటి చేయి పట్టుకున్నాడు.

"నాయనా, నువ్వు ఈడ చదువుకున్నోడివంట గదా. ఈళ్ళు వాన ఇస్తారంటాండారు. నిజమేనా?"

మద్దిలేటి ఆకాశం వైపు చూశాడు. నీలంగా, దేనికీ మాట ఇవ్వకుండా ఉంది.

"ముప్పై శాతం నిజం, తాతా."

పెద్దాయన ఆ మాటను కాసేపు తూకం వేసుకున్నాడు. తరువాత తువ్వాలు దులిపి రెండో భుజం మీద వేసుకుని వరసలో ముందుకు జరిగాడు.

"చాల్లే నాయనా. మాకు ఇన్నాళ్ళూ చెప్పిన నిజాల్లో ఇంత శాతం ఎప్పుడూ లేదు."